మూడు గంటలు దాటిన రైలు: టికెట్ డబ్బు గురించి రఘుకు

చిరంజీవి రఘుకు పెదనాన్న ఆశీస్సులు.

సంక్రాంతికి వరంగల్ నుంచి విశాఖపట్నానికి ముందుగా బెర్తు దొరకలేదని, తత్కాల్‌లో ప్రయత్నిస్తానని, కానీ అది ఢిల్లీ వైపు నుంచి వచ్చే రైలు కావడంతో ఉత్తరాది పొగమంచు వల్ల ఎంత ఆలస్యమవుతుందోనని భయంగా ఉందని మొన్న ఫోనులో అన్నావు. తత్కాల్‌కు డబ్బు తిరిగి రాదు కదా అని కూడా అన్నావు. అది సగమే నిజం. ఖరారైన తత్కాల్ టికెట్‌ను మనంతట మనం రద్దు చేసుకుంటే ఏమీ రాదు గానీ, రైలే మూడు గంటలకు మించి ఆలస్యమై, అందువల్ల మనం ప్రయాణం మానుకుంటే ఛార్జీ మొత్తం తిరిగి ఇవ్వాలని 2015 నవంబరు 12 నుంచి అమల్లోకి వచ్చిన వాపసు నిబంధనల్లో ఉంది. మామూలు టికెట్‌కైనా, బెర్తు ఖాయం కాక కూర్చునే చోటు మాత్రమే దొరికే ఆర్‌ఏసీ టికెట్‌కైనా ఇదే నియమం.

ఆ మూడు గంటలను ఏ స్టేషనులో లెక్కిస్తారన్నది ముఖ్యం; నీ ప్రయాణం మొదలయ్యే స్టేషనులోనే లెక్క. రైలు ఢిల్లీలో ఐదు గంటలు ఆలస్యంగా కదిలినా, దారిలో వేగం పుంజుకుని వరంగల్‌కు రెండు గంటల యాభై నిమిషాల ఆలస్యంతో వచ్చిందంటే నీకు రావలసింది ఏమీ లేదు. తత్కాల్‌లో ఇంకొక మెలిక ఉంది: టికెట్ ఒక స్టేషను నుంచి తీసుకుని, ఎక్కే స్టేషనుగా వేరొకటి పెట్టుకుంటే, ఆలస్యాన్ని టికెట్ మొదలైన స్టేషనులోనే చూస్తారు. అందుచేత రైలు ఎక్కడుందో చూపే రైల్వే వారి ఎన్‌టీఈఎస్‌లో కనిపించే అంచనాను నమ్మి తొందరపడవద్దు; అది అంచనా మాత్రమే, రైలు ఆలస్యాన్ని తగ్గించుకుందంటే ప్రయాణమూ పోయి, డబ్బూ పోయి రెంటికీ చెడ్డ రేవడివవుతావు. రైలు రాత్రి తొమ్మిదికి రావాలనుకో, పన్నెండు దాటేదాకా ఆగు. పన్నెండు దాటినా రైలు రాకపోతే అప్పుడు నిశ్చింతగా నిర్ణయం తీసుకోవచ్చు.

నిర్ణయించుకున్నాక మాత్రం క్షణం ఆలస్యం చేయకు, ఎందుకంటే గడువు నీ స్టేషను నుంచి రైలు నిజంగా కదిలేదాకానే. కౌంటరులో కొన్న టికెట్ అయితే ఆ లోపలే కౌంటరులో అప్పగించాలి. ఆన్‌లైన్ టికెట్ అయితే ఐఆర్‌సీటీసీలో టీడీఆర్, అంటే డబ్బు వాపసు కోరే అర్జీ, దాఖలు చేయాలి. కొన్నేళ్ల కిందట నేను ఇలాగే విసిగి, స్టేషను బయటికి వచ్చి బస్సెక్కి, ఇంటికి చేరి, భోజనం చేసి, మర్నాడు తాపీగా టీడీఆర్ వేశాను. రైలు ఐదు గంటలు ఆలస్యమైన మాట వాస్తవమే అయినా, అది వెళ్లిపోయాక దాఖలు చేశానని తిరస్కరించారు. తప్పు నాదే. అందుకే బస్సు వెతుక్కోవడానికి ముందు, ప్లాట్‌ఫారం మీద ఉండగానే ఆ పని ముగించు. కారణాల జాబితాలో రైలు మూడు గంటలకు మించి ఆలస్యమైంది, ప్రయాణించలేదు అన్న దానినే ఎంచుకో. పొరపాటున కూడా రద్దు మీట నొక్కకు, అలా చేస్తే అది నీ ఇష్టంతో చేసుకున్న రద్దు కిందికి వెళ్తుంది. రైల్వేయే రైలును పూర్తిగా రద్దు చేస్తే మాత్రం ఆన్‌లైన్ టికెట్‌కు ఏమీ దాఖలు చేయనక్కర లేదు, డబ్బు దానంతటదే వస్తుంది.

విశాఖ నుంచి ఆమదాలవలసకు రెండో రైలు కూడా రిజర్వు చేసుకునేటట్టయితే, రెండు పీఎన్‌ఆర్‌లనూ జతచేసి తీసుకో. 2019 ఏప్రిల్ 1 నుంచి ఈ సదుపాయం ఉంది. మొదటి రైలు ఆలస్యం వల్ల రెండోది అందకపోతే, రెండో టికెట్ డబ్బు కోత లేకుండా తిరిగి వస్తుంది. రెండింటిలోనూ ప్రయాణికుల వివరాలు ఒకటే ఉండాలి, మొదటిది ఆగే స్టేషనులోనే రెండోది ఎక్కాలి. రెండోది అందకపోతే, విశాఖలో దిగిన వెంటనే, మూడు గంటలు దాటకుండా ఆ రెండో టికెట్ డబ్బుకు అర్జీ పెట్టుకో.

రైలెక్కి ప్రయాణం చేశాక, గమ్యానికి ఎన్ని గంటలు ఆలస్యంగా చేరినా ఈ నిబంధనల కింద ఛార్జీ తిరిగి రాదు. అలాంటి నష్టానికి వినియోగదారుల కమిషనే దారి. అజ్మీర్–జమ్మూ రైలు నాలుగు గంటలు ఆలస్యమై శ్రీనగర్ విమానం తప్పిపోయిన ఒక కుటుంబానికి పరిహారం ఇవ్వాల్సిందేనని, ఆలస్యానికి రైల్వే సరైన కారణం చూపలేకపోయిందని సుప్రీంకోర్టు 2021 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. ఆ పరిహారంలో టాక్సీ ఖర్చు 15,000 రూపాయలు కూడా ఉంది. వాళ్లు ఖర్చులకు రుజువులు దాచుకున్నారని గమనించు. అయితే పండక్కి రెండు గంటలు ఆలస్యంగా వచ్చినందుకు కమిషన్ మెట్లెక్కమని నేను చెప్పను.

టీడీఆర్ వేసిన మరునాడే డబ్బు పడుతుందని ఎదురుచూడకు. ఐఆర్‌సీటీసీ నీ అర్జీని రైల్వేకు పంపుతుందే తప్ప తీర్పు దాని చేతిలో లేదు. వారాలు పడుతుంది, నువ్వు ఏ ఖాతా నుంచి చెల్లించావో అందులోకే వస్తుంది, సౌకర్య రుసుము మాత్రం పోయినట్టే. పీఎన్‌ఆర్‌నూ, ఆ రాత్రి ఎన్‌టీఈఎస్‌లో ఆలస్యం చూపిన తెర చిత్రాన్నీ దాచుకో. అన్యాయంగా తిరస్కరిస్తే సికింద్రాబాద్‌లోని రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు, ఛార్జీ వాపసు వివాదాలు దాని పరిధిలోనివే.

టికెట్ దొరకగానే రైలు వేళ నాకు చెప్పు. అర్ధరాత్రి అయినా ఆమదాలవలస స్టేషను బయట స్కూటరుతో ఉంటాను.

మీ పెదనాన్న