లూపస్ ఉంది, అనుకోకుండా గర్భం వచ్చింది: మందులు ఆపేయాలా?

ఐదేళ్లుగా లూపస్‌కి (ఒంట్లోని రక్షణ శక్తే సొంత శరీరం మీద తిరగబడే జబ్బు) మందులు వాడుతున్నానని, పిల్లల గురించి ఇంకా అనుకోకముందే టెస్ట్ పాజిటివ్ వచ్చిందని రాశారు. మాత్రలు బిడ్డకు వేడి చేస్తాయి, ఇవాళే మానెయ్యమని అత్తగారు, నీ ఒళ్లు తట్టుకోలేదు, తీయించుకోమని అమ్మగారు అంటున్నారు. ఆ ఇద్దరి మధ్య మీరెలా నలుగుతున్నారో నాకు తెలుసు. నేనూ లూపస్‌తోనే బిడ్డను కన్నాను.

మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. అలాగని నెల నిండాక చూద్దాంలే అని ఆగకండి. రేపు పొద్దున్నే మీ రుమటాలజిస్ట్‌కి (లూపస్ చూసే డాక్టర్‌కి) ఫోన్ చేసి, గర్భం సంగతీ, వాడుతున్న మందుల పేర్లూ చెప్పండి. మనకిచ్చే మందుల్లో వెంటనే మానాల్సినవీ ఉంటాయి, అస్సలు మానకూడనివీ ఉంటాయి. మైకోఫినోలేట్, మెథోట్రెక్సేట్, సైక్లోఫాస్ఫమైడ్ వల్ల బిడ్డకు అవయవ లోపాలు రావచ్చు. వీటిలో ఏది వాడుతున్నా ఆ మాటే ముందు చెప్పండి, బదులుగా ఏం వేసుకోవాలో వాళ్లు చెప్తారు. బీపీకి, కిడ్నీకి రాసే రామిప్రిల్, టెల్మిసార్టాన్ లాంటివి కూడా గర్భంలో మార్చాల్సినవే. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రం కాన్పు దాకా, ఆ తర్వాత కూడా కొనసాగించమంటారు. అది ఆపితే లూపస్ తిరగబెట్టే అవకాశం పెరుగుతుంది. తిరగబెట్టిన జబ్బు బిడ్డకు ఆ మాత్ర కన్నా ఎంతో ప్రమాదం. అజాథయోప్రిన్ కూడా గర్భంలో వాడతారు. స్టెరాయిడ్ వాడుతుంటే దాన్ని ఉన్నట్టుండి ఆపడం మీ ప్రాణానికే ముప్పు. మీ అత్తగారికి ఇదంతా మీరు చెప్పడం కన్నా డాక్టర్ నోటితో చెప్పించడం మేలు. మా ఇంట్లో అలా చెప్పించాకే గొడవ సద్దుమణిగింది.

నాకైతే వికారం, నీరసం, కీళ్ల నొప్పులతో మొదలైంది. మళ్లీ జబ్బు ముదురుతోందనుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆవిడ రాసిన రక్తపరీక్షల్లో గర్భం పరీక్ష కూడా ఉంది. రిపోర్ట్ చూసి, "జబ్బు కాదమ్మా, కడుపుతో ఉన్నావు" అన్నారు. నాకు సంతోషం కలగలేదు, చేతులు చల్లబడిపోయాయి. మీకూ సంతోషంగా లేకపోతే అందుకు బాధపడకండి. బిడ్డ మీద ప్రేమ తర్వాత వస్తుంది, నిండుగా వస్తుంది.

ఉంచుకోవాలా వద్దా అన్నది అమ్మగారో అత్తగారో తేల్చేది కాదు. మీరే తేల్చుకోవాలి. అందుకు కావలసింది మీ శరీరం లెక్క. గత ఆరు నెలలుగా జబ్బు అణిగి ఉందా, మూత్రంలో ప్రొటీన్ పోతోందా, బీపీ ఎలా ఉంది, గుండె, ఊపిరితిత్తులు బాగున్నాయా, ఇవన్నీ చూస్తారు. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి బాగా పెరిగి ఉన్నా, కిడ్నీ బాగా దెబ్బతిన్నా గర్భం వద్దని గట్టిగానే చెప్తారు, ఆ మాట వినండి. నాకు అంతకుముందు కిడ్నీ వాచి తగ్గింది, ఏడాదికి పైగా నెమ్మదిగా ఉంది కాబట్టి ధైర్యం చెప్పారు. వద్దనుకుంటే 2021లో సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం 20 వారాల లోపు ఒక్క డాక్టర్ అభిప్రాయం చాలు. 18 ఏళ్లు నిండిన స్త్రీకి భర్త సంతకం గానీ, అత్తమామల అనుమతి గానీ అక్కర్లేదు. ఏ ఆసుపత్రిలోనైనా అడిగితే ఈ మాట చెప్పండి.

ఉంచుకుంటే యాంటీ రో, యాంటీ లా, ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీల (లూపస్ ఉన్న కొందరి రక్తంలో ఉండి, గర్భానికి ఇబ్బంది తెచ్చే పదార్థాలు) పరీక్షలు ఇప్పుడే చేయించండి. ఫాస్ఫోలిపిడ్ ఉంటే గర్భస్రావం, రక్తం గడ్డకట్టడం భయం ఉంటుంది, రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇంజెక్షన్లు ఇవ్వవచ్చు. నాకు అది లేదు, యాంటీ రో ఉంది. ఆ యాంటీబాడీ మాయ గుండా బిడ్డకు చేరి, నూటికి ఒకరిద్దరు బిడ్డల్లో గుండె కొట్టుకునే వేగాన్ని దెబ్బతీస్తుంది. అందుకని నాలుగో నెల దాటినప్పటి నుంచి బిడ్డ గుండెకు ప్రత్యేకంగా స్కాన్ చేస్తూ వచ్చారు. ఆ గదిలో డాక్టర్ మాట్లాడకుండా స్క్రీన్ మీద గీతల మధ్య దూరం కొలుస్తుంటే, నేను ఆవిడ ముఖం వైపే చూసేదాన్ని. "బాగుంది" అన్న మాట వినేదాకా ఊపిరి ఆడేది కాదు. మూడో నెల నిండగానే ఎకోస్ప్రిన్ అని మనందరికీ తెలిసిన చిన్న ఆస్పిరిన్ మొదలుపెట్టారు, గుర్రపువాతానికి (గర్భంలో బీపీ పెరిగి వచ్చే ఫిట్స్) దారితీసే బీపీ రాకుండా.

అయినా ఎనిమిదో నెలలో బీపీ వచ్చింది. ఒకరోజు పొద్దున లేచేసరికి ఉంగరం వేలికి కరుచుకుపోయింది. సబ్బు రాసినా రాలేదు, మా ఆయన దారం చుట్టి తీశారు. ఇంట్లో మిషన్ మీద చూస్తే 160 దాటింది. నేరుగా ఆసుపత్రికి వెళ్లాం. గర్భం వల్ల వచ్చే బీపీయా, లూపస్ కిడ్నీ మీద పడిందా అన్నది తేల్చడం డాక్టర్లకే కష్టం. రెండింటిలోనూ బీపీ పెరుగుతుంది, మూత్రంలో ప్రొటీన్ పోతుంది. లూపస్ ముదిరిందో లేదో చెప్పే సీ3, సీ4, డీఎస్‌డీఎన్ఏ అనే రక్తపరీక్షలు చూసి లూపస్ కాదన్నారు. అందుకే రుమటాలజిస్ట్, గైనకాలజిస్ట్ ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్లయి ఉండాలి. కాన్పు ఖర్చు కన్నా ముందు ఆ ఏర్పాటు చూసుకోండి. పసిబిడ్డల ఐసీయూ ఉన్న చోటే పేరు రాయించుకోండి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ లాంటి ఊళ్లకు మీరు దూరమైతే చివరి నెలల్లో దగ్గరి బంధువుల ఇంట్లో ఉండటం మంచిది.

బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడటానికి నాకు ఇంజెక్షన్లు ఇచ్చి, 33వ వారంలో ఆపరేషన్ చేశారు. పాప రెండు కిలోలు కూడా లేదు. ఐసీయూలో నా గుండెల మీద పడుకోబెట్టి పైన దుప్పటి కప్పేవాళ్లు. గొట్టం పెట్టిన ఆ ముక్కు నా మెడకు తగులుతుంటే కుట్ల నొప్పి తెలిసేది కాదు. ఇప్పుడు యూకేజీ చదువుతోంది, గుండెకు ఏ లోపమూ లేదు.

కాన్పయ్యాక అందరూ బిడ్డ చుట్టూ ఉంటారు, మీరు మాత్రం మీ పరీక్షలు వాయిదా వేయకండి. లూపస్ తిరగబెట్టే అవకాశం ఆ మొదటి నెలల్లో ఎక్కువ. నాకు రెండో నెలలో కీళ్లు పట్టేసి, పాపను ఎత్తుకోవడానికి కూడా అమ్మ సాయం కావాల్సి వచ్చింది. స్టెరాయిడ్ కొంచెం పెంచితే తగ్గింది. హైడ్రాక్సీక్లోరోక్విన్, అజాథయోప్రిన్ వాడుతూనే పాలిచ్చాను, డాక్టర్లు వద్దనలేదు. మళ్లీ గర్భం రాకుండా వాడే మాత్రలు మాత్రం షాపులో అడిగి కొనకండి. ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీ ఉన్నవాళ్లకు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఉన్న మాత్రలు రక్తం గడ్డకట్టించవచ్చు. నాకు కాపర్ టీ వేశారు.

మీరు వాడే మందుల పేర్లు, చివరి మూత్ర పరీక్ష ఎప్పుడు చేయించారో కింద రాయండి. డాక్టర్‌ని ఏం అడగాలో కాగితం మీద రాసుకోవడానికి సాయం చేస్తాను.