ఎలుగుబంటిని చూసొస్తూ పాతికేళ్ళ బాకీ

ప్రశ్న: మాది నంద్యాల, మావారిది మదనపల్లె. పెళ్ళయి రెండేళ్ళు. ఇద్దరం బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీలో ఉద్యోగాలు చేస్తున్నాం. చేతికొచ్చేది ఆయనకు 74,000, నాకు 52,000. పెళ్ళిరోజని ఒక శనివారం బన్నేరుఘట్ట జూ పార్కుకి వెళ్ళాం. క్యాబ్‌కి 1,640, భోజనానికి 780, టోపీలకీ పులిబొమ్మకీ 650, టికెట్లతో కలిపి మొత్తం 4,300 అయింది. తిరిగొస్తూ ఒక మాల్‌లో కాఫీకి ఆగితే ఒకమ్మాయి వచ్చి లక్కీ డ్రా కూపన్ నింపమంది. ఐదో రోజున ఫోన్: మీకు బహుమతి వచ్చింది, భార్యాభర్తలిద్దరూ కలిసి రావాలి అని. ఆదివారం వెళ్ళాం. మూడు గంటలు కూర్చోబెట్టారు. లేచేసరికి 3,60,000 రూపాయల హాలిడే మెంబర్‌షిప్‌కి సంతకాలు పెట్టేశాం. పాతికేళ్ళపాటు ఏడాదికి ఏడు రాత్రులు రిసార్టులో ఉండొచ్చట. 54,000 క్రెడిట్ కార్డు మీద గీకారు. మిగతాది 48 నెలల ఈఎంఐ, నెలకు 8,516. ఆ రాత్రి నుంచి నిద్ర లేదు. రద్దు చేస్తే ఆ 54,000 పోతుందా? మావారేమో ఆ రోజు బన్నేరుఘట్ట వెళ్ళకపోతే ఇదంతా ఉండేది కాదు, ఇక ఏడాదిదాకా ఎక్కడికీ వద్దు అంటున్నారు. ఇంకొకటి కూడా అడగాలి. అక్కడ జంతువుల్ని దత్తత తీసుకోవచ్చట, పన్ను కలిసొస్తుందట. బస్సు కిటికీ పక్కనే కూర్చున్న ఒక ఎలుగుబంటి మీద మనసు పడింది. తీసుకోవచ్చా?

జవాబు: అమ్మా, మీరు సంతకం పెట్టింది ఆదివారం, నాకు ఉత్తరం రాసింది శుక్రవారం. అందుకే ఆ రాత్రే ఫోన్ చేసి కాగితాలన్నీ ఫొటోలు తీసి పంపమన్నాను. పదకొండో పేజీలో, భూతద్దం పెడితే తప్ప కనిపించని అక్షరాల్లో, మీకు కావలసిన వాక్యం ఉంది. సంతకం చేసిన పది రోజుల్లోగా రాతపూర్వకంగా రద్దు కోరితే కట్టిన డబ్బు వెనక్కిస్తాం అని. ఇంకా నాలుగు రోజులున్నాయి కాబట్టి ఆ రాత్రి నాకూ కాస్త నిద్ర పట్టింది.

మన దేశంలో ఇలాంటి టైమ్‌షేర్ వ్యాపారానికంటూ, అంటే ఏటా కొన్ని రాత్రుల బసను ముందే అమ్మేవాళ్ళకంటూ, ప్రత్యేక చట్టం లేదు. ఇల్లు కొన్నవాళ్ళకు రెరా అనే రియల్ ఎస్టేట్ చట్టం ఉన్నట్టు వీటికి ఏమీ లేదు. కాబట్టి వెనక్కి తగ్గే గడువు ఎంత అన్నది ఆ ఒప్పందంలో ఏం రాసుందో దాన్నిబట్టే ఉంటుంది. చాలామంది ఇంటికొచ్చాక ఆ ఫైలుని బీరువాలో పెట్టేసి, భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా రెండు వారాలు గడిపేస్తారు. ఆ కంపెనీవాళ్ళకు కావలసిందీ అదే.

మిమ్మల్ని తిట్టే అర్హత నాకు లేదు. పద్నాలుగేళ్ళ కిందట ఇదే ఊళ్ళో, పేరెందుకులెండి, ఒక హోటల్ హాల్లో మా ఆవిడా నేనూ కూర్చున్నాం. డిన్నర్ సెట్ ఇస్తామన్నారు మరి. ఎనిమిది బల్లలు, బల్లకో జంట, జంటకో కుర్రాడు. ఎవరైనా సంతకం పెడితే మైకులో పేర్లు చదివి చప్పట్లు కొట్టేవాళ్ళు. మా కుర్రాడు ఒక తెల్లకాగితం తీసి, మనకు తిన్నగా కనబడేలా తలకిందులుగా అంకెలు రాయడం మొదలెట్టాడు. అంత విద్య ఉన్నవాడు బ్యాంకు పరీక్షలు రాసుకోవచ్చుకదా అనిపించింది. మొదట పెద్ద అంకె వేసి కొట్టేశాడు, దానికింద ఇంకోటి వేసి కొట్టేశాడు, మేనేజర్‌ని పిలిచి మూడోది వేయించాడు. ‘ఈ రేటు ఈ గదిలోనే సార్, గుమ్మం దాటితే ఉండదు’ అన్నాడు. నేను పెన్ను అందుకున్నాను కూడా. మా ఆవిడ బల్ల కింద కాలు తొక్కింది, అంతే. గుర్తుపెట్టుకోవలసింది ఏమిటంటే, లేచేటప్పుడు ఆ తెల్లకాగితం నేను అడిగితే ఇవ్వలేదు. మీకూ ఇచ్చుండరు. నోటితో చెప్పిన ‘ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎక్కడ కావాలంటే అక్కడ’ అన్నీ దానిమీదే ఉంటాయి, ఒప్పందంలో ఉండవు.

భార్యాభర్తలిద్దరూ రావాలని ఎందుకు పట్టుబడతారో ఇప్పుడు తెలిసే ఉంటుంది. ఒక్కరే వస్తే ‘ఇంట్లో అడిగి చెబుతా’ అని లేచిపోతారు. ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెడితే ఆ సాకు ఉండదు. పైగా పరాయివాళ్ళ ముందు భార్య దగ్గర చిన్నబోవడం ఏ మొగుడికీ ఇష్టం ఉండదు.

ఇక లెక్క. 54,000 పోను బాకీ 3,06,000. నెలకు 8,516 చొప్పున 48 నెలలు కడితే 4,08,768 అవుతుంది. అంటే లక్షకు పైన వడ్డీ. వడ్డీ ఎంతో చెప్పలేదన్నారు. చెప్పారమ్మా, మీరు చూడలేదు. 2024 అక్టోబరు నుంచి ఇలాంటి ప్రతి అప్పుకీ వడ్డీతో సహా అప్పు వివరాలుండే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం ఇచ్చి తీరాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. మీ ఫైల్లోనూ ఉంది, 15 శాతం అని. ముందు గీకిన డబ్బు కూడా కలిపితే మీ చేతినుంచి పోయేది 4,62,768.

ఇక్కడితో అయిపోతే ఫరవాలేదు. ఏటా మెయింటెనెన్స్ 18,000, దానిమీద 18 శాతం జీఎస్టీతో 21,240. మీరు వెళ్ళినా వెళ్ళకపోయినా కట్టాల్సిందే. అది పెంచుకునే హక్కు వాళ్ళదేనని ఏడో పేజీలో ఉంది. ఏడాదికి 6 శాతం పెరిగిందనుకున్నా, పాతికేళ్ళలో అదొక్కటే 11 లక్షల 65 వేలు దాటుతుంది. మొత్తం 16 లక్షల 28 వేలు. ఒక్క ఏడాదీ వదలకుండా ఏడేసి రాత్రులూ వాడుకుంటే రాత్రికి 9,300 పడుతుంది. తిండి వేరే, దారి ఖర్చులు వేరే. ఐదేళ్ళలో మూడేళ్ళే వెళ్ళగలిగారనుకోండి, రాత్రికి 15,500.

వెళ్ళగలరా అన్నది ఇంకో సంగతి. వీళ్ళు సీజన్లకు రంగులు పెడతారు. మీకు అంటగట్టిన రంగుకి దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు రావు. రేపు పిల్లలు పుట్టి బడికి వెళ్తే మీరు కదలగలిగేది ఆ సెలవుల్లోనే. ఇప్పుడైనా సరే, సంక్రాంతికి నంద్యాల వెళ్ళకుండా కూర్గ్ రిసార్టులో కూర్చుంటామంటే మీ అమ్మగారు ఊరుకుంటారా?

ఇప్పుడు చేయాల్సింది. ఫోన్లో చెప్పినవే, ఇలాంటి ఫైలు బీరువాలో ఉన్నవాళ్ళ కోసం మళ్ళీ రాస్తున్నాను. ‘ఫలానా తేదీన చేసుకున్న ఒప్పందాన్ని, అందులోని ఫలానా షరతు ప్రకారం రద్దు చేసుకుంటున్నాం, కట్టిన మొత్తం అదే కార్డుకి తిరిగి జమ చేయండి’ అని నాలుగు వాక్యాలు రాసి, ఇద్దరూ సంతకాలు చేసి, ఒప్పందంలో ఉన్న ఈమెయిల్‌కి పంపండి. అదే ఉత్తరం స్పీడ్ పోస్టులో కూడా వేసి రసీదు దాచుకోండి. కారణాలు రాయొద్దు, కోపం అసలు వద్దు. వాళ్ళు ఫోన్ చేసి ‘ఒక్కసారి ఆఫీసుకొచ్చి మాట్లాడండి’ అంటారు. వెళ్ళకండి. ఆ గదిలో ఇంకో తెల్లకాగితం ఉంటుంది. ఏదైనా రాతలోనే చెప్పమనండి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. బ్యాంకుకెళ్ళి ఆటో డెబిట్ ఆపేసి చేతులు దులుపుకుంటారు. మీకు అప్పిచ్చింది రిసార్టు కంపెనీ కాదు, వేరే ఫైనాన్స్ సంస్థ. వాళ్ళ దృష్టిలో మీరు అప్పు తీసుకున్నారు, వాయిదా ఎగ్గొట్టారు, అంతే. సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, రేపు ఇంటి లోనుకి వెళ్ళినప్పుడు బయటపడుతుంది. కాబట్టి రద్దు ఉత్తరం నకలు ఆ ఫైనాన్స్ సంస్థకీ పంపి, లోను మూసేసినట్టు కాగితం ఇమ్మని అడగండి. అది చేతికొచ్చాకే ఆటో డెబిట్ జోలికి వెళ్ళండి. కార్డు ఇచ్చిన బ్యాంకుకి కూడా ఈ లావాదేవీ వివాదంలో ఉందని రాసిపెట్టండి. ఈలోగా కార్డు బిల్లు వస్తే పూర్తిగా కట్టేయండి. ‘మినిమమ్ డ్యూ’ కట్టి ఊరుకుంటే చాలా కార్డుల మీద వడ్డీ నెలకు మూడు శాతానికి పైమాటే. మీ సేవింగ్స్‌లో డెబ్భై వేలున్నాయన్నారు కాబట్టి అందులోంచి తీయండి, తిరిగొచ్చినప్పుడు మళ్ళీ అక్కడే వేసుకోండి.

కంపెనీ మాట తప్పితే 1915కి ఫోన్ చేయొచ్చు, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. దానికీ కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే ఫిర్యాదు వేయొచ్చు, 5 లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. ‘వివాదాలన్నీ ఫలానా ఊరి కోర్టులోనే’ అని ఒప్పందంలో రాసుందని భయపడ్డారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే ఊళ్ళోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. వివాదాన్ని కోర్టు బయట మధ్యవర్తే తేల్చాలనే ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా కమిషన్‌కి వెళ్ళే హక్కు పోదని సుప్రీంకోర్టు 2018లోనే తేల్చింది.

సరే, మీవారి బాధ దగ్గరికొద్దాం. బన్నేరుఘట్ట వెళ్ళడం వల్లే వచ్చిందని ఏడాదిపాటు గడప దాటొద్దనడం ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే. ఆ రోజు మీరు ఖర్చుపెట్టింది 4,300. మీ ఇద్దరి నెల సంపాదన 1,26,000లో అది మూడున్నర శాతం కూడా కాదు. ఆయనకు ఇలా చెప్పండి: ఆ ఈఎంఐ డబ్బుతో మనం నెలకు దాదాపు రెండుసార్లు చొప్పున నాలుగేళ్ళపాటు బన్నేరుఘట్ట వెళ్ళిరావచ్చు. అప్పటికి అక్కడి పులులు మనల్ని గుర్తుపడతాయి. గాలికి పోయే కంపను తగిలించుకున్నది మాల్‌లో, పార్కులో కాదు.

కావాలంటే ఆ 4,300ని కూడా తగ్గించుకోవచ్చు, మరీ కక్కుర్తి పడకుండా. క్యాబే 1,640 అంటే మూడో వంతుకు పైన. మెజెస్టిక్ బస్టాండు నుంచి 365 నంబరు బస్సు పార్కు దాకా వెళ్తుంది. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి మెజెస్టిక్ వెళ్ళి మళ్ళీ వెనక్కి రావడం తలతిక్క పని కాబట్టి, మీరు బన్నేరుఘట్ట రోడ్డు దాకా ఆటోలో వచ్చి అక్కడ బస్సెక్కండి. 2023 జూన్ నుంచి కర్ణాటకలో ఆడవాళ్ళకు మామూలు బస్సుల్లో టికెట్ లేదు, ఏసీ బస్సుల్లో కాదు. అయితే కర్ణాటక అడ్రసున్న గుర్తింపు కార్డు చూపించాలి. మీ ఆధార్ ఇంకా నంద్యాల అడ్రసుతోనే ఉందన్నారు. మార్పించుకోండి. బన్నేరుఘట్టకి కాకపోయినా రోజూ ఆఫీసుకి పనికొస్తుంది.

ఈఎంఐ తప్పిందని ఆ 8,516ని గాలికి వదిలేయకండి. ఒకసారి కట్టడానికి సిద్ధపడ్డారు కాబట్టి మీ దగ్గర ఆ డబ్బు ఉన్నట్టే. ముందు ఆరేడు నెలలు అత్యవసరాల కోసం పక్కన పెట్టండి. డెబ్భై వేలు ఇద్దరు మనుషులకు, అద్దె ఇంటికి ఏ మూలకీ చాలవు. ఆ తర్వాత నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే, 6.5 శాతం వడ్డీ వచ్చిందనుకున్నా 48 నెలలకి సుమారు 4 లక్షల 65 వేలు. ఆ డబ్బుతో ఏ రిసార్టుకైనా, ఏ సీజన్‌లోనైనా, రంగులతో పనిలేకుండా వెళ్ళొచ్చు.

ఎలుగుబంటి సంగతి చివరికి మిగిల్చాను. నాకూ ఇష్టమైన జంతువే. మా చిన్నప్పుడు ఊళ్ళోకి ఎలుగుబంటిని తాడు కట్టి తెచ్చి ఆడించేవాళ్ళు, దాని వెంట్రుక తాయెత్తులో పెట్టి పిల్లల మెడలో కడితే జడుపు పోతుందని మా అమ్మమ్మ అర్ధరూపాయి ఇచ్చేది. అలా ముక్కుకి తాడు వేసి ఆడించిన ఎలుగుబంట్లను విడిపించి తెచ్చి పెంచే కేంద్రం బన్నేరుఘట్టలోనే ఉంది. దత్తత అంటే జంతువు మన ఇంటికొస్తుందని కాదు కదా, దాని తిండికీ సంరక్షణకీ కొంతకాలానికి అయ్యే ఖర్చు మనం ఇవ్వడం. చిన్న పక్షి నుంచి ఏనుగు దాకా ఒక్కోదానికి ఒక్కో రేటు ఉంటుంది. ఎలుగుబంటి ఇప్పుడే వద్దు, 54,000 తిరిగొచ్చాక చిన్నదాంతో మొదలెట్టండి.

పన్ను కలిసొస్తుందన్న ఆశ మాత్రం వదులుకోండి. అది విరాళాలకు ఇచ్చే మినహాయింపు, ఆదాయపు పన్ను పాత పద్ధతిలో ఉన్నవాళ్ళకే. మీరిద్దరూ కొత్త పద్ధతిలో ఉన్నారు. అందులో జీతగాళ్ళకు 12 లక్షల 75 వేల దాకా పన్నే పడదు. మీ ఇద్దరిలో ఎవరూ ఆ గీత దాటలేదు. లేని పన్నులోంచి ఏం మినహాయిస్తారు? ప్రేమ కొద్దీ ఇస్తే ఇవ్వండి, లెక్క కోసం కాదు.

నిన్న మీ మెసేజ్ చూశాను. రద్దు ఉత్తరం అందిందని జవాబొచ్చిందట, డబ్బు ఇంకా రాలేదట. ఆ జవాబుని ప్రింటు తీసి పెట్టుకోండి, ముప్పై రోజులు చూసి 1915కి చేయండి. మీవారు కాస్త మెత్తబడ్డారనీ, చిరుతల సఫారీ చూడలేదు కాబట్టి ఈసారి వారం మధ్యలో సెలవు పెట్టి వెళ్దామంటున్నారనీ రాశారు. వెళ్ళండి, మంగళవారం తప్ప. ఆ రోజు పార్కు మూసేస్తారు.