వాకింగ్ వాళ్ల వెనక నుంచి సైకిల్ మీద వెళ్లేటప్పుడు బెల్ కొట్టాలా, నోటితో చెప్పాలా?

మీరు అడిగింది ఇదీ: పొద్దున్నే తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో సైకిల్ తొక్కుతుంటే, బెల్ కొడితే వాకింగ్ వాళ్లు కసురుకుంటున్నారు, కొట్టకుండా పోతే ఉలిక్కిపడి తిడుతున్నారు, మరి ఏం చెయ్యాలని. నాకూ ఇదే తగాదా చాలా రోజులు నడిచింది.

ముందు నా తప్పు చెప్తాను. అక్కడే ఒక పెద్దాయన వెనకే వెళ్లి, బాగా దగ్గరికి పోయాక ట్రింగ్ ట్రింగ్‌మని కొట్టాను. ఎవరా అని ఆయన కుడివైపు తిరిగి ఒక అడుగు వేశాడు, నేను దూరుతున్నది సరిగ్గా అటే. బ్రేక్ గట్టిగా పట్టేసరికి నేనే పడ్డా, మోచెయ్యి గీరుకుపోయింది. ఆయనకి ఏం కాలేదు, అదే నయం. లేపి, "ఏం నాయనా, నా వీపుకేమన్నా కళ్లున్నాయా" అన్నాడు. బెల్ కొట్టానండీ అన్నాను. "కొట్టావులే, ఏ పక్క నుంచి వస్తున్నావో చెప్పావా?"

ఇంటికొచ్చి లెక్కేసుకున్నా. గంటకి 20 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి ఐదున్నర మీటర్లు. ఐదు మీటర్ల దూరంలో బెల్ కొడితే ఆ మనిషికి ఒక సెకను కూడా దొరకదు, అందులో వినాలి, అర్థం చేసుకోవాలి, జరగాలి. అందుకే ఇప్పుడు పాతిక మీటర్ల ముందే ఒక్కసారి మెల్లగా కొడతాను, వెంటనే వేగం తగ్గిస్తాను, దగ్గరికి వచ్చాక "కుడి పక్క వస్తున్నా సార్" అని నోటితో చెప్తాను. బ్రిటన్ వాళ్ల హైవే కోడ్‌లో (అక్కడి రోడ్డు నియమాల పుస్తకం) కూడా ఇంచుమించు ఇదే ఉంది: నడిచేవాళ్ల పక్క నుంచి స్పీడుగా పోవద్దు, బెల్ కొట్టు లేదా మర్యాదగా పిలువు, వాళ్లకి చెవుడో చూపు లేకపోవడమో ఉండొచ్చని గుర్తుంచుకో అని. మన దగ్గర ఆ లిస్టులో ఇయర్‌ఫోన్లు కూడా చేర్చుకోవాలి. చెవిలో అవి కనిపిస్తే వినలేదనే అనుకుని, నడిచేంత వేగంతోనే దాటండి.

పెరటాసి నెలలో (తమిళుల పురట్టాసి, సెప్టెంబర్-అక్టోబర్) చిత్తూరు రోడ్డు మీద తొక్కితే ఇంకో సంగతి. తెల్లవారకముందే తిరుమల కొండకి వెళ్లే భక్తులు పసుపు బట్టల్లో గుంపులు గుంపులుగా నడిచొస్తుంటారు, చాలామంది తమిళం వాళ్లు. భజనలో ఉన్నవాళ్లకి బెల్ వినపడదు, "పక్కకి జరగండి" అన్నా సగం మందికి అర్థం కాదు. దూరం నుంచే గట్టిగా "గోవిందా!" అన్నాననుకోండి, గుంపంతా "గోవింద!" అని తిరిగి చూస్తుంది, మీ లైటు కనపడుతుంది, అంతే. (ముందు లైటు లేకుండా ఆ టైంలో వెళ్లొద్దు, దయచేసి.) అయితే వాళ్లని రోడ్డు దిగమని మాత్రం అడగకండి. చెప్పుల్లేని కాళ్లు, మట్టి అంచున గులకరాళ్లు. నేనే వెనక బండ్లు చూసుకుని కొంచెం రోడ్డు మీదికి జరుగుతాను, లారీ వస్తుంటే ఆగిపోతాను.

నడిచేవాళ్ల తప్పు లేదని కాదు. నలుగురు వరసగా గోడ కట్టినట్టు రాజకీయాలు మాట్లాడుకుంటూ పోతుంటే నాకూ మండుతుంది. కానీ ఢీకొంటే ఎక్కువ దెబ్బ వాళ్లకే, వేగంగా వచ్చేది మనమే, కాబట్టి ఆగే బాధ్యత కూడా మనదే. మధ్యలోంచి దూరకండి, కాలు కింద పెట్టి "అన్నా, కొంచెం దారి" అనండి, ఇస్తారు.

ఎవరన్నా కసురుకుంటే సారీ చెప్పి ముందుకు పోండి. రేపు అదే టైంకి మళ్లీ వాళ్లే ఎదురవుతారు. ఆ పెద్దాయన ఇప్పుడు నా గొంతు వినగానే వెనక్కి తిరగకుండానే ఎడమకి జరుగుతాడు.