ర్యాప్‌లో గోల తప్ప ఏముంది?

ప్రశ్న: మా అబ్బాయి పొద్దస్తమానం ర్యాప్ వింటాడు. అది నిరసన పాట అంటాడు. నాకైతే గోలే వినిపిస్తోంది. నిజంగా అందులో ఏమైనా ఉందా?

జవాబు: ఉందండీ, చాలా ఉంది. ఉత్తర ఆఫ్రికా దేశం ట్యునీషియా సంగతే చూడండి. 2010 చివర్లో ఎల్ జనరల్ అనే కుర్రాడు, ఎవరూ నోరెత్తలేని రోజుల్లో, ఒక ర్యాప్ పాటలో అధ్యక్షుడు బెన్ అలీనే నేరుగా ఉద్దేశించి, జనం చెత్తలో తిండి ఏరుకుంటున్నారని పాడి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. జనవరిలో పోలీసులు పట్టుకెళ్లారు, జనం గొడవ చేసేసరికి కొద్ది రోజులకే వదిలారు. 2011 జనవరి 14న బెన్ అలీ దేశం విడిచి పారిపోయాడు. పాట ఒక్కటే ఆయన్ని దించిందని అనను, నిరుద్యోగం, పోలీసుల జులుం జనాన్ని అప్పటికే వీధుల్లోకి తెచ్చాయి. కానీ ఆ పాట వాళ్ల నోళ్లలో నానింది. ఈసారి మీవాణ్ణే పక్కన కూర్చోబెట్టుకుని, పాటలో మాటలు నెమ్మదిగా చదివి చెప్పమనండి.