ఆపరేషన్ మరునాడే నడిపిస్తామంటే భయపడకండి

పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ కోసం మీ అమ్మగారిని వచ్చే వారం నర్సీపట్నం నుంచి విశాఖపట్నం తీసుకొస్తున్నామని, మరునాడే నడిపిస్తామని, తిండి కూడా పెడతామని డాక్టర్లు అంటున్నారని రాశారు. మంచం త్వరగా ఖాళీ చేయించడానికే ఈ తొందర అని మీ బంధువుల అనుమానం. రెండేళ్ల క్రితం మా నాన్నగారికి ఇదే ఊళ్లో, ఇదే పద్ధతిలో ఆపరేషన్ జరిగింది. మా ఇంట్లోనూ అచ్చం ఈ మాటే వచ్చింది. అది నిజం కాదు.

మా భయానికి కారణం మా మేనత్త. చాలా ఏళ్ల క్రితం ఆవిడకు కడుపు ఆపరేషన్ చేసినప్పుడు ముందురోజు రాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టనివ్వలేదు. తర్వాత ముక్కులో గొట్టంతో ఐదు రోజులు మంచానికే అతుక్కుపోయింది. ఊపిరితిత్తులకు నిమ్ము చేసింది. అప్పట్లో అదే జాగ్రత్త అనుకునేవారు.

ఇలా పస్తులు, నొప్పి, మంచం పట్టడం అన్నీ కలిసి మనిషిని కుంగదీస్తాయని డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990లలో గట్టిగా వాదించారు. 2001 నుంచి యూరప్ సర్జన్ల బృందం దాన్ని ఒక క్రమంలో పెట్టింది. దాన్నే ఈరాస్, అంటే ఆపరేషన్ తర్వాత త్వరగా కోలుకునేలా చేసే పద్ధతి, అంటారు. మీ డాక్టర్లు చెబుతున్నది అదే.

నాన్నగారికి మత్తు ఇవ్వడానికి ఆరు గంటల ముందు వరకు తేలికపాటి ఆహారం, రెండు గంటల ముందు వరకు మంచినీళ్లు ఇవ్వనిచ్చారు. పాలు, పాలు కలిపిన టీ మాత్రం నీళ్ల లెక్కలోకి రావు. అమ్మగారికి షుగర్ ఉంటే ఈ వేళలు ముందే అడిగి తెలుసుకోండి.

అసలు కష్టం నొప్పి దగ్గర వచ్చింది. నాన్నగారు ఉక్కు కర్మాగారంలో పనిచేసిన మనిషి, పళ్లు బిగించి ఓర్చుకునేవారు. ఓర్చుకుంటే దగ్గలేరు, దగ్గకపోతే కఫం బయటికి రాదు, నడవనూ లేరు. నొప్పి పదికి ఎంత ఉందో నర్సమ్మ అడిగితే "రెండు" అన్నారు; ముఖం చూస్తే ఏడుకు తగ్గదు. అసలు నొప్పి ఎక్కువేనని నర్సమ్మకు నేనే చెప్పాను. మందు సరిచేశాక సాయంత్రం కుర్చీలో కూర్చున్నారు, మరునాడు నడవాలోని కిటికీ దాకా నడిచారు. అక్కడి నుంచి కైలాసగిరి కనిపించేది. తర్వాత రోజుకు మూడు నాలుగు సార్లు తనే "కొండ చూసొద్దాం పద" అనేవారు. ఊపిరి గట్టిగా పీల్చి మూడు బంతులను పైకి లేపే పరికరాన్ని మీ అమ్మగారి చేత ఇప్పటి నుంచే సాధన చేయించండి. పొగతాగే అలవాటు ఉంటే మానడానికి నాలుగు వారాల ముందే మొదలుపెట్టడం మేలు, కానీ ఇప్పుడు మానినా మంచిదే.

ఇక పథ్యం. పప్పు తింటే కుట్లు చీము పడతాయని మా పెద్దమ్మ మూడు రోజులు పోరుపెట్టింది. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. డైటీషియన్ చెప్పిన ప్రకారం మెత్తగా ఉడికించిన పప్పు, పెరుగు, గుడ్డు కొద్దికొద్దిగా పెట్టాం. పెద్దవాళ్లతో వాదించే బదులు ఆ మాట డాక్టరు నోటితోనే చెప్పించాను, ఇంట్లో గొడవ ఆగింది. అయితే ఇది పందెం కాదు. కడుపు ఉబ్బి, వాంతులైతే ఆపాలి. నాన్నగారికి ఒక పూట అలాగే ఆపారు.

ఐదో రోజున ఇంటికి పంపారు. త్వరగా కోలుకోవడం వల్ల కీమో ఆలస్యం కాలేదు. క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ కనుక నాలుగు వారాలు పొట్ట మీద ఇంజెక్షన్లు వేయమన్నారు. ఇంటికొచ్చాక ఇవి మానేయకండి.

మీది దూరాభారం. డిశ్చార్జి అయ్యాక వెంటనే ఊరెళ్లకుండా ఓ వారం విశాఖలోనే గది తీసుకోండి. కోసి కలిపిన పేగు అతుకు దగ్గర లీకైతే తరచు మొదటి వారం పది రోజుల్లోనే బయటపడుతుంది. జ్వరం, పెరుగుతున్న కడుపునొప్పి, ఆగని వాంతులు, పిక్కలో వాపు, ఆయాసం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి. రాత్రివేళ ఏ నంబరుకు ఫోను చేయాలో, ఎవరు ఎత్తుతారో డిశ్చార్జి కాగితం మీద రాయించుకున్నాకే బయలుదేరండి.