ముందు సీటు తేల్చుకో, తర్వాతే స్కాలర్‌షిప్పు

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చిందని మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. సంతోషం. నువ్వు పంపిన జాబితా కూడా చూశాను. కనబడిన స్కాలర్‌షిప్పులన్నింటి పేర్లూ రాసి, పక్కన అంకెలు వేసి, కింద కూడిక కూడా చేసేశావు. అంకెలు చాలావరకు సరిగ్గానే ఉన్నాయి. కూడికే కుదరదు. వాటిలో సగం ఒకదానితో ఒకటి పొసగవు. సర్వీసంతా కాలేజీ స్కాలర్‌షిప్ సెక్షన్‌లో గడిపినదాన్ని కాబట్టి చెబుతున్నాను, ముందు ఏ సీటులో చేరతావో తేల్చుకో.

ఫీజు రీయింబర్స్‌మెంట్, అంటే మన కాలేజీ ఫీజు రాష్ట్ర ప్రభుత్వం కట్టడం అనగానే అందరూ ఆదాయం గురించే మాట్లాడతారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటకూడదు, నిజమే. అయితే అంతకంటే ముందు చూసేది సీటు. కౌన్సెలింగ్‌లో కన్వీనర్ కోటా కింద, అంటే ర్యాంకును బట్టి ప్రభుత్వం తరఫున కేటాయించిన సీటైతేనే ఆ డబ్బు. కాలేజీ యాజమాన్యం ఇచ్చుకునే మేనేజ్‌మెంట్ కోటాలో చేరినా, చివర్లో మిగిలిన సీట్లకు పెట్టే స్పాట్ అడ్మిషన్‌కు వెళ్లినా, ఇంట్లో ఎంత ఇబ్బంది ఉన్నా పైసా రాదు. వడ్డేశ్వరం, వడ్లమూడిలలోని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు సొంత పరీక్ష పెట్టి ఇచ్చే సీట్లకూ రాదు. ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే పాఠం వినే ఇద్దరిలో ఒకరికి ప్రభుత్వం ఫీజు కడుతుంది, ఇంకొకరి తండ్రి అప్పు చేసి కడతాడు. తేడా అంతా చేరిన దారిలోనే.

ఇప్పుడు ప్రైవేటు కాలేజీ నుంచి నీకు వచ్చిన ఆ మెయిలు సంగతి. సగం ఫీజు రాయితీ, మెరిట్ స్కాలర్‌షిప్ అని రాశారని తెగ మురిసిపోతున్నావు. మురిసిపో, నీ తెలివికి ఇచ్చిన విలువే అది. కానీ మిగిలిన సగం ఎంతో చూశావా? ఏడాది ఫీజు 3 లక్షలనుకో. రాయితీ పోను లక్షన్నర, నాలుగేళ్లకు 6 లక్షలు. హాస్టలు అదనం. మీ నాన్న ఆటోనగర్‌లో లేత్ మిషను ముందు నిలబడి సంపాదించాల్సిన సొమ్ము అది. దానికంటే చిన్న పేరున్న కాలేజీలో కన్వీనర్ సీటు వచ్చి రీయింబర్స్‌మెంట్ దక్కితే ట్యూషన్ ఫీజు భారం దాదాపు ఉండదు. పేరు కోసం 6 లక్షలు పెట్టడం నాకైతే నచ్చదు. నీకు నచ్చితే మాత్రం చేరేముందు వాళ్లను కొన్ని సంగతులు నిలదీసి అడుగు. ఈ రాయితీ నాలుగేళ్లూ ఉంటుందా, మొదటి ఏడాదికేనా? ఎన్ని గ్రేడు పాయింట్లు తగ్గితే తీసేస్తారు? ఒక్క సబ్జెక్టు తప్పితే సంగతేమిటి? ఒకసారి పోయిన రాయితీ మళ్లీ మార్కులు వస్తే తిరిగి ఇస్తారా? ఫోనులో తియ్యగా చెప్పే మాటలు లెక్కలోకి రావు, కాగితం మీద రాసి ఇమ్మను. మొదటి ఏడాది ఫిజిక్స్‌లో జారిపడి రెండో ఏడాది పూర్తి ఫీజు కట్టలేక మా కిటికీ దగ్గర నిలబడ్డ పిల్లలను చాలామందిని చూశాను.

ఇక కేంద్రం ఇచ్చే మెరిట్ స్కాలర్‌షిప్. ఇంటర్‌లో తన బోర్డు విద్యార్థుల్లో 80వ పర్సెంటైల్ దాటినవాళ్లకు ఇస్తారు. 80 శాతం మార్కులు కాదు సుమా, తోటివాళ్లలో పై 20 శాతంలో ఉండాలి. మన దగ్గర ఎంపీసీలో మార్కులు ఎలా కురుస్తాయో నీకు తెలియనిదా! డిగ్రీకి ఏడాదికి 12,000 ఇస్తారు. ఇంజినీరింగ్‌లో నాలుగో ఏడాది 20,000. దీనికి ఆదాయ పరిమితి 4.5 లక్షలు. అయితే ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో సహా ఇంకే స్కాలర్‌షిప్ తీసుకుంటున్నా ఇది ఇవ్వరు. కాబట్టి రీయింబర్స్‌మెంట్ వచ్చేవాళ్లకు దీని అవసరం లేదు. ఆదాయం 2.5 లక్షలు దాటి 4.5 లక్షల లోపు ఉండి, రెంటికీ చెడ్డ రేవడిలా మిగిలేవాళ్లకు ఇది ఆధారం. మీ నాన్న ఆదాయం ఆ 2.5 లక్షల గీత దగ్గరే ఊగుతోందని మీ అమ్మ చెప్పింది. తక్కువ చేసి రాయిస్తానని ఎవరో అన్నారట. ఆ మాట వినొద్దు. పరిశీలనలో బయటపడితే నాలుగేళ్ల సాయమూ ఆగిపోతుంది. దాటితే దాటింది, అప్పుడు 12,000 కోసం దరఖాస్తు చేద్దాం.

ఆడపిల్లవు కాబట్టి సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ కూడా చూడు. ఏడాదికి 50,000 వస్తుంది, ఆదాయం 8 లక్షల దాకా ఉండొచ్చు, ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకు ఇస్తారు. చెల్లెలికీ పనికొస్తుంది. వేరే ప్రభుత్వ సాయం విషయంలో షరతు ఏమిటో ఈ ఏడాది మార్గదర్శకాలు చదివాకే ముందుకు వెళ్లు. రెండింట్లో ఒకటే పట్టుకోవాల్సి వస్తే లెక్క తేలికే: కాలేజీ ఫీజు 50,000 కంటే తక్కువైతే ప్రగతి, ఎక్కువైతే రీయింబర్స్‌మెంట్.

ప్రైవేటు ట్రస్టులు, కంపెనీల ఫౌండేషన్లు ఇచ్చేవాటికి ప్రభుత్వ సాయంతో సాధారణంగా పేచీ ఉండదు. ఫీజు ప్రభుత్వం కడితే ఆ డబ్బు బస్సుకు, పుస్తకాలకు, ల్యాప్‌టాప్‌కు పనికొస్తుంది. రిలయన్స్ ఫౌండేషన్ డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు పరీక్ష పెట్టి, కోర్సు మొత్తానికి 2 లక్షల వరకు ఇస్తుంది. చేరిన ఏడాదే రాయాలి, రెండో ఏడాది చూద్దాంలే అనుకుంటే కుదరదు.

కాగితాల విషయంలో మాత్రం బద్ధకించకు. నీ టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంది, ఆధార్‌లో పొడి అక్షరం ఒక్కటే ఉంది. కంప్యూటర్ దృష్టిలో మీరు ఇద్దరు మనుషులు. ఈ వారమే ఆధార్ సరిచేయించు. బ్యాంకు ఖాతాకు ఆధార్ నంబరు ఇచ్చినంత మాత్రాన చాలదు. ప్రభుత్వ సొమ్ము ఆ ఖాతాకే వచ్చేలా, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ సంస్థలో నమోదు కావాలి. రెండు ఖాతాలు ఉంటే చివరగా నమోదైన దానికే పోతుంది. డబ్బు పడలేదని కాలేజీలో గొడవపడి, తీరా చూస్తే ఎప్పుడో తెరిచి మరిచిపోయిన ఖాతాలో హాయిగా పడి ఉండటం మాకు మామూలే.

జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు పంపాక పని అయిపోయిందనుకోకు. కాలేజీలో ఆ దరఖాస్తులు చూసే నోడల్ అధికారి ధ్రువీకరిస్తేనే అది ముందుకు కదులుతుంది. ప్రింటు తీసి, జిరాక్సులు జతచేసి నీ చేత్తో సెక్షన్‌లో ఇవ్వు. తప్పుందని వెనక్కి పంపితే సరిచేయడానికి గడువు తక్కువ, అందుకని స్థితి చూస్తూ ఉండు. ఏటా రెన్యువల్ కూడా మరవొద్దు, హాజరు 75 శాతం కంటే తగ్గకూడదు.

ఒక మాట మీ నాన్నకు కూడా చెప్పు. రీయింబర్స్‌మెంట్ సొమ్ము కొన్నేళ్లు తల్లుల ఖాతాల్లో వేశారు, 2024లో ప్రభుత్వం మారాక నేరుగా కాలేజీలకే ఇవ్వాలని నిర్ణయించారు. ఎవరి ఖాతాలో వేసినా సొమ్ము ఆలస్యంగానే వస్తుంది. ఈలోగా కాలేజీవాళ్లు ముందు మీరు కట్టండి అంటారు. మొదటి సంవత్సరానికి కొంత సొమ్ము పక్కన పెట్టుకోమను. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి.

ఆదివారం మీ నాన్నను తీసుకుని రా. మెమోలు, ఆధార్, ఆదాయ ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, ఇద్దరి పాసు పుస్తకాలు తెచ్చుకోండి. కౌన్సెలింగ్‌లో కాలేజీలను ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఏ కాలేజీకి ఎంత ఫీజో పక్కపక్కన రాసుకుని చూద్దాం. భోజనం ఇక్కడే.

ఇట్లు,
నీ పెద్దమ్మ