ఐదు వారాల కోడిపిల్లలు రక్తం పారుతున్నాయి, ఏం మందు వేయాలి?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా కలిగిరి మండలం. పెరట్లో ఇరవై దాకా నాటుకోళ్ళు ఉన్నాయి. మూడు పెట్టలు పొదిగి తీసిన పిల్లలు 34, వయసు ఐదు వారాలు. వారం రోజుల ముసురు తర్వాత పిల్లలు రెక్కలు వాల్చి మూలన కునుకుతున్నాయి. రెట్టలో రక్తం పడుతోంది. నాలుగు రోజుల్లో 9 చనిపోయాయి. మెడికల్ షాపులో ఇచ్చిన టెట్రాసైక్లిన్ గొట్టం మాత్రలు, బి-కాంప్లెక్స్ నీళ్ళలో కలిపి పెట్టాను. తగ్గలేదు. పెద్ద పెట్ట ఒకటి మేత మానేసింది, దాని మెడ కింద గట్టిగా ఉండలా తగులుతోంది. సలహా చెప్పగలరు.

జవాబు: అమ్మా, పిల్లల వయసు, ముసురు, ఎర్రటి రెట్ట, ఈ మూడూ కలిపి చూస్తే ఇది చాలావరకు రక్తపారుడే. కాక్సీడియోసిస్ అంటారు. మన జిల్లాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు పడే రోజుల్లో, మూడు నుంచి ఎనిమిది వారాల పిల్లల్లో ఎక్కువగా వస్తుంది. కంటికి కనిపించని ఏకకణ జీవి పేగు గోడలోకి చేరి, దాన్ని చీల్చుకుంటూ పెరుగుతుంది. చనిపోయిన పిల్లను పశువైద్యశాలలో కోసి చూస్తే, పేగుల చివర జంటగా ఉండే రెండు తిత్తులు రక్తంతో ఉబ్బి నల్లటి ఎరుపులో కనిపిస్తాయి. ఒక్కసారి చూసినవాళ్ళు మర్చిపోరు. ఈసారి పిల్ల చనిపోతే పారేయకుండా కవర్‌లో కట్టి అదే రోజు వైద్యశాలకు తీసుకెళ్ళండి, రోగం ఖాయంగా తేలిపోతుంది.

టెట్రాసైక్లిన్ బ్యాక్టీరియాకు వాడే మందు, ఈ రోగానికి అది సరైనది కాదు. ఆపేయండి. దీనికి వాడేది అంప్రోలియం. 20 శాతం పొడి అయితే లీటరు నీటికి 1.2 గ్రాముల చొప్పున ఐదు రోజులు, తర్వాత సగానికి తగ్గించి మరో ఐదు రోజులు ఇవ్వాలి. కంపెనీని బట్టి మందు శాతం మారుతుంది కాబట్టి ప్యాకెట్ మీద చూసి, పశువైద్యుడికి ఒకసారి చూపించి కలపండి. ఏ రోజు నీళ్ళు ఆ రోజే కలపాలి. వేరే నీళ్ళు వాటికి అందకూడదు, ముఖ్యంగా చూరు కింద నిలిచిన వాననీళ్ళు. బాగా నీరసించిన పిల్లలు తాగడానికి లేవవు, వాటికి ముక్కు పక్కన చుక్క చుక్కగా పట్టాలి.

బి-కాంప్లెక్స్ కూడా ఈ రోజుల్లో వద్దు. అంప్రోలియం చూడ్డానికి బి1 విటమిన్‌లాగే ఉండి ఆ క్రిమిని మోసం చేస్తుంది. మనమే అసలు బి1 పోస్తుంటే మందు బలం తగ్గిపోతుంది. మందు కోర్సు అయ్యాక విటమిన్లు ఇవ్వండి, మంచిదే.

మందు కంటే ముఖ్యమైనది నేల. జబ్బు పిల్ల రెట్టలో బయటికొచ్చే గుడ్లలాంటి కణాలకు తడి, వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే మరో పిల్లకు అంటించే స్థితికి వస్తాయి. ఫినాయిల్, బ్లీచింగ్ చల్లితే అవి చావవు. ఈ సంగతి తెలియక చాలామంది ఫినాయిల్ చల్లి నిశ్చింతగా ఉంటారు. రెట్టనూ తడి పొట్టునూ రోజూ తీసి దూరంగా పాతిపెట్టండి, గంప చోటు మార్చండి, నీళ్ళ గిన్నెలను మరుగుతున్న నీళ్ళతో కడిగి ఎండలో పెట్టండి. కింద ఆరిన వరిపొట్టు మందంగా వేయండి. మేత నేల మీద చల్లకుండా పళ్ళెంలో పెట్టండి. పెద్ద కోళ్ళు పైకి బాగానే ఉన్నా వాటి రెట్టలో ఈ క్రిమి ఉండొచ్చు కాబట్టి, బాగున్న పిల్లలను వేరే గంపలో ఉంచండి.

ఇంకో మాట, రెట్ట చూసి ఊరికే భయపడేవాళ్ళు కూడా ఉన్నారు. ఆరోగ్యంగా ఉన్న కోడి రెట్ట బూడిద గోధుమ రంగులో ఉండి పైన తెల్లటి టోపీలా ఉంటుంది. ఆ తెలుపు మూత్రమే, రోగం కాదు. మధ్యమధ్యలో చాక్లెట్ రంగులో జిగటగా, కంపు కొట్టే రెట్ట ఒకటి పడుతుంది. అదీ మామూలే. అప్పుడే పొదిగిన పిల్లల్లో సున్నంలా పారి, మలద్వారం దగ్గర అంటుకుపోతుంటే మాత్రం తెల్లపారుడు కావచ్చు. ఆకుపచ్చగా పారుతూ, మెడ మెలితిరిగి, గురక పెడుతూ వరసగా పోతుంటే కొక్కెర తెగులు. దానికి మందు లేదు, టీకానే దారి. వారం వయసులో, నాలుగు వారాలప్పుడు కంట్లో చుక్కలు, ఎనిమిది వారాలకు ఆర్2బి సూది. ఒక్క సీసా వందకు పైగా కోళ్ళకు సరిపోతుంది కాబట్టి వీధిలోవాళ్ళంతా కలిసి ఒకే రోజు పెట్టుకుంటే వృథా ఉండదు. జబ్బు తగ్గేదాకా ఈ పిల్లలకు టీకా వేయొద్దు.

పెద్ద కోళ్ళు ఉన్నట్టుండి గుంపుగా చనిపోతే, తల వాచి తమ్మెలు నల్లబడితే, దయచేసి కోయొద్దు, అమ్మొద్దు, కాలవలో వేయొద్దు. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్ళదిబ్బలో బర్డ్ ఫ్లూ బయటపడింది మనందరికీ తెలుసు. అలాంటప్పుడు కళేబరాలను ముట్టుకోకుండా వెంటనే పశువైద్యశాలకు కబురు చేయండి, లేదా 1962కు ఫోన్ చేయండి.

ఇక మీ పెట్ట సంగతి. మెడ కింద ఉన్నది మేత సంచి. తెల్లవారి మేత వేయకముందే తడిమి చూడండి, ఆ వేళకు అది ఖాళీగా ఉండాలి. అప్పటికీ ఉండలా గట్టిగా ఉంటే మేత అడ్డుపడిందన్న మాట. ఒక రోజు మేత ఆపి, గోరువెచ్చటి నీళ్ళు, అర చెంచా కొబ్బరినూనె నెమ్మదిగా పట్టి, వేళ్ళతో ఆ ఉండను మెల్లగా చిదిమినట్టు మర్దన చేయండి. రోజుకు మూడు నాలుగు సార్లు చాలు. తలకిందులు చేసి కక్కించవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోయి కోడి అక్కడికక్కడే పోతుంది. రెండో రోజు ఉదయానికీ మెత్తబడకపోతే వైద్యశాలకు తీసుకెళ్ళండి, చిన్న కోత పెట్టి లోపలిది తీసేసి కుట్టేస్తారు. నేను అలా తీసిన వాటిలో పొడవాటి గడ్డిపోచలకు చుట్టుకుపోయిన నైలాన్ దారాలే ఎక్కువ. పెరట్లో గోనెసంచి పురికొసలు, దారాలు ఎక్కడ పడ్డాయో ఓసారి వెతికి ఏరేయండి.